వేగాన్ని పక్కనపెట్టి ద్రవ్యవేగం, ద్రవ్యరాశి, శక్తి లెక్కలు చేయడం ఎలా

ఇంటర్‌లో రెండు సూత్రాలు నూరిపోస్తారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే గతిజశక్తి. క్రికెట్ బంతికీ, ఆర్టీసీ బస్సుకీ, ఆ మాటకొస్తే శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్‌కీ ఇవే చాలు. ఎలక్ట్రాన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తాయి. డిగ్రీలో సాపేక్షతా సిద్ధాంతం చెప్పి కొత్త సూత్రాలిస్తారు గానీ, పాత అలవాటు మాత్రం పోదు. ఏ లెక్క ఇచ్చినా ముందు వేగం కనుక్కోవడం, దాన్నుంచి గామా (మొత్తం శక్తి ద్రవ్యరాశికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) కట్టడం, ఆ తర్వాతే శక్తి దగ్గరికి రావడం. దారి పొడవునా వర్గమూలాలే. పైగా వేగం 0.99999999 లాంటి అంకెగా వస్తే, దాన్ని ఎక్కడో దగ్గరి అంకెకు సవరించేసరికి జవాబు మొత్తం చెడుతుంది.

కణ భౌతికశాస్త్రంలో పనిచేసేవాళ్లు అలా చేయరు. శక్తి, ద్రవ్యవేగం, ద్రవ్యరాశి, ఈ మూడింటితోనే లెక్క నడిపిస్తారు. వేగం కావాలంటే ఆఖర్న ఒక్క భాగహారంతో తీస్తారు. ఎక్కువ సార్లు ఆ అవసరమే రాదు. ఆ పద్ధతిని నిజంగా జరిగిన ప్రయోగాల అంకెలతోనే చేసి చూద్దాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు యూనిట్లు మార్చండి

కిలోగ్రాములు, జౌళ్లు పక్కన పెట్టేయండి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని 9.109 × 10⁻³¹ కిలోగ్రాములు అని రాసి, కాంతి వేగ వర్గంతో గుణించి, మళ్లీ 1.602 × 10⁻¹⁹తో భాగించడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. అన్నిటినీ ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే కొలవండి. ఒక వోల్టు తేడాను దాటినప్పుడు ఎలక్ట్రాన్‌కు దక్కే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు ఒక కేఈవీ, పది లక్షలైతే ఎంఈవీ, వంద కోట్లైతే జీఈవీ, లక్ష కోట్లైతే టీఈవీ. కాంతి వేగాన్ని 1 అనుకోండి. అప్పుడు ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి మూడూ ఒకే యూనిట్లలోకి వచ్చేస్తాయి. పరీక్షలో మాత్రం ద్రవ్యవేగం పక్కన ‘ఎంఈవీ బై సి’ అని, ద్రవ్యరాశి పక్కన ‘ఎంఈవీ బై సి స్క్వేర్’ అని రాయడం మరవకండి, మార్కులు పోతాయి.

ఈ ఐదు అంకెలు గుర్తుంటే చాలు: ఎలక్ట్రాన్ 0.511 ఎంఈవీ, మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ) 105.66, విద్యుదావేశమున్న పయాన్ (కొద్దిసేపే బతికే కణం) 139.57, ప్రోటాన్ 938.27, ఫోటాన్ (కాంతి కణం) సున్నా.

లంబకోణ త్రిభుజం గీయండి

అడ్డ భుజం మీద ద్రవ్యవేగం, నిలువు భుజం మీద ద్రవ్యరాశి, కర్ణం మీద మొత్తం శక్తి అని రాయండి. ఇక మిగిలింది పైథాగరస్సే:

శక్తి² = ద్రవ్యవేగం² + ద్రవ్యరాశి²

దీని పక్కనే ఇంకో వరుస ఉండాలి:

గతిజశక్తి = శక్తి − ద్రవ్యరాశి

కణం కదలకపోతే అడ్డ భుజం సున్నా అవుతుంది, శక్తి ద్రవ్యరాశికి సమానమవుతుంది. టీషర్టుల మీద అచ్చేసే ‘ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్’ ఇదే. అంటే ఆ ప్రసిద్ధ సూత్రం ఈ త్రిభుజంలో ఒక మూల మాత్రమే. కదిలే కణానికి దాన్ని యథాతథంగా వాడితే లెక్క తప్పుతుంది. ఫోటాన్‌కైతే నిలువు భుజం ఉండదు కాబట్టి శక్తీ ద్రవ్యవేగమూ ఒకటే. ద్రవ్యరాశి లేకపోతే ద్రవ్యవేగం ఎక్కడిదని అడిగేవాళ్లకు జవాబు ఈ బొమ్మలోనే ఉంది. ఇక అడ్డ భుజం మరీ పొట్టిగా ఉంటే, గతిజశక్తి దాదాపుగా ద్రవ్యవేగ వర్గాన్ని రెండు ద్రవ్యరాశులతో భాగించినంత అవుతుంది. మన ఇంటర్ సూత్రం అదే.

కొన్ని పాత పుస్తకాల్లో ‘వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరుగుతుంది’ అని ఉంటుంది. నా మాట వింటే ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. పెరిగేవి అడ్డ భుజం, కర్ణం; నిలువు భుజం ఎప్పుడూ అంతే. 1948లో లింకన్ బార్నెట్‌కు రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీన్ కూడా, కదిలే వస్తువుకు వేరే ద్రవ్యరాశి అంటూ పెట్టడం మంచిది కాదనీ, దానికి బదులు శక్తి, ద్రవ్యవేగాల గురించి మాట్లాడాలనీ సలహా ఇచ్చారు. ఈ వ్యాసంలో ద్రవ్యరాశి అన్న ప్రతిచోటా కణం నిశ్చలంగా ఉన్నప్పటి ద్రవ్యరాశే.

ప్రశ్నలో ఇచ్చింది ఏ శక్తో తేల్చుకోండి

ఎక్కువ లెక్కలు ఇక్కడే చెడతాయి. ‘200 కేఈవీ ఎలక్ట్రాన్’ అంటే గతిజశక్తి 200 అని అర్థం. ‘6.8 టీఈవీ ప్రోటాన్’ అన్నప్పుడు మొత్తం శక్తి. శక్తి చాలా ఎక్కువైనప్పుడు రెండింటికీ తేడా కనపడదు. తక్కువైనప్పుడే ప్రమాదం.

200 కిలోవోల్టులతో నడిచే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ను తీసుకుందాం. గతిజశక్తి 200, ద్రవ్యరాశి 511, రెండూ కేఈవీల్లోనే. కలిపితే మొత్తం శక్తి 711. ఇప్పుడు త్రిభుజం: 711 వర్గం 5,05,521. 511 వర్గం 2,61,121. తేడా 2,44,400. వర్గమూలం 494.4. ద్రవ్యవేగం వచ్చేసింది.

మైక్రోస్కోప్‌తో పనిచేసేవాళ్లకు కావలసింది తరంగదైర్ఘ్యం. 1240ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న ద్రవ్యవేగంతో భాగిస్తే అది నానోమీటర్లలో వస్తుంది. 1240ని 4,94,400తో భాగిస్తే 0.00251 నానోమీటర్లు. ఇంటర్ సూత్రంతో చేస్తే ద్రవ్యవేగం 452 దగ్గర ఆగి, తరంగదైర్ఘ్యం 0.00274 వస్తుంది. తొమ్మిది శాతం తప్పు. పరమాణువుల వరుసలు లెక్కపెట్టే పనిముట్టులో తొమ్మిది శాతం తప్పును ఎవరూ ఒప్పుకోరు.

వేగం అడిగితేనే తీయండి

ద్రవ్యవేగాన్ని మొత్తం శక్తితో భాగించండి. కాంతి వేగంలో ఎన్నో వంతో తెలుస్తుంది. పై ఎలక్ట్రాన్‌కు 494.4ని 711తో భాగిస్తే 0.695. ఇంటర్ సూత్రమైతే 0.885 చూపిస్తుంది, నమ్మకండి.

గామా కూడా ఇలాగే సులువు. మొత్తం శక్తిని ద్రవ్యరాశితో భాగిస్తే గామా. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 6.8 టీఈవీ, అంటే 6800 జీఈవీ ప్రోటాన్‌కు గామా దాదాపు 7250. గామా అంత పెద్దదైనప్పుడు కాంతి కంటే ఎంత వెనకబడిందో చూడాలంటే, గామా వర్గాన్ని రెట్టింపు చేసి, దాంతో కాంతి వేగాన్ని భాగించండి. సెకనుకు మూడు మీటర్లకు కాస్త తక్కువే తేడా వస్తుంది, అంటే మనం నెమ్మదిగా పరిగెత్తేటంత. ఈ లెక్కను వేగంతో మొదలుపెట్టి ఉంటే ఎన్ని తొమ్మిదులు రాయాల్సి వచ్చేదో చూడండి.

ద్రవ్యవేగాన్ని గీత వంపు నుంచి తీయండి

ఇంతవరకూ శక్తి ఎవరో చేతికిచ్చారు. ప్రయోగశాలలో తరచుగా ముందు దొరికేది ద్రవ్యవేగం. అయస్కాంత క్షేత్రంలో ఆవేశమున్న కణం వంపు తిరుగుతుంది. క్షేత్రాన్ని టెస్లాల్లో, వంపు వ్యాసార్ధాన్ని మీటర్లలో కొలిచి, రెండింటినీ గుణించి, దాన్ని 300తో గుణిస్తే ద్రవ్యవేగం ఎంఈవీల్లో వస్తుంది. ఈ సూత్రం కణం ఆవేశం ఎలక్ట్రాన్ ఆవేశమంత ఉన్నప్పటి మాట. ద్రవ్యరాశి ఎంతైనా ఫర్వాలేదు.

1932 ఆగస్టులో కాల్టెక్‌లో కార్ల్ ఆండర్సన్ చేతికి ఒక ఫొటో వచ్చింది. క్లౌడ్ చాంబర్ (కణం పోయిన దారి ఆవిరిలో గీతగా కనిపించే పెట్టె), మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక, చుట్టూ 1.5 టెస్లా క్షేత్రం. ఒక గీత పలకను దాటింది. ఒకవైపు క్షేత్రం, వ్యాసార్ధాల లబ్ధం 0.21, అంటే ద్రవ్యవేగం 63. ఇంకోవైపు 0.075, అంటే 23కు కొద్దిగా తక్కువ. సీసం దాటాక కణం నెమ్మదిస్తుందే తప్ప వేగం పుంజుకోదు కాబట్టి, 63 వైపు నుంచి 23 వైపుకు వెళ్లిందని దిశ తేలిపోయింది. దిశ తెలిశాక వంపును బట్టి ఆవేశం ధనాత్మకమని తేలింది. అప్పటికి తెలిసిన ధనావేశ కణాల్లో ఎలక్ట్రాన్ అంత తేలికైనది ఒక్కటీ లేదు. అందుకని సహజంగానే ప్రోటాన్ అనుకోవాలి.

ఇప్పుడు మీరు త్రిభుజం గీయండి. ద్రవ్యవేగం 23, ద్రవ్యరాశి 938. అడ్డ భుజం మరీ పొట్టి, కాబట్టి సులువు సూత్రమే చాలు: 23 వర్గం 529, దాన్ని 1876తో భాగిస్తే 0.28. అంటే ప్రోటానైతే దాని గతిజశక్తి మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. అలాంటి ప్రోటాన్ గాలిలో అర సెంటీమీటరు పోయేసరికి ఆగిపోతుంది. ఫొటోలో పలకకు ఇవతల గీత 5 సెంటీమీటర్లకు పైగా సాగింది. అదే 23 ద్రవ్యవేగానికి ద్రవ్యరాశి 0.511 పెట్టి చూడండి: శక్తి కూడా దాదాపు 23 ఎంఈవీయే. అలాంటి కణం ఆ దూరాన్ని అవలీలగా దాటుతుంది. అడ్డ భుజం అదే, నిలువు భుజం మారింది, శక్తి ఎనభై రెట్లు తేడా వచ్చింది. ధనావేశమున్న ఎలక్ట్రాన్, అంటే పాజిట్రాన్, అలా దొరికింది. 1936లో ఆండర్సన్‌కు నోబెల్ వచ్చింది.

వంపు ఎంత కొలిచారో మాత్రమే చూసి ‘శక్తి ఇంత’ అని రాసేయకూడదు. వంపు ద్రవ్యవేగాన్నే చెబుతుంది. ద్రవ్యరాశి తేల్చడానికి ఇంకో కొలత కావాలి: ఆండర్సన్‌కు అది గీత పొడవు. 1955లో బర్క్‌లీలో ఛాంబర్లేన్, సెగ్రే బృందానికి అది సమయం. వాళ్లు అయస్కాంతాలతో 1.19 జీఈవీ ద్రవ్యవేగమున్న రుణావేశ కణాలనే ఏరి, 12 మీటర్ల దూరాన్ని ఎంతసేపట్లో దాటుతున్నాయో కొలిచారు. పయానైతే శక్తి 1.198, వేగం 0.993. ప్రోటాన్ అంత ద్రవ్యరాశి ఉంటే శక్తి 1.515, వేగం 0.785. మొదటిదానికి 40 నానోసెకన్లు, రెండోదానికి 51. ఆ 11 నానోసెకన్ల తేడాలో యాంటీప్రోటాన్, అంటే రుణావేశమున్న ప్రోటాన్ జోడు, దొరికింది. వేగం పనికొచ్చే అరుదైన చోటు ఇది.

కణాలు ఒకటి కంటే ఎక్కువైతే

శక్తులు కూడండి. ద్రవ్యవేగాలను దిశతో సహా కూడండి. ఆ రెండు మొత్తాలతో త్రిభుజం గీసి నిలువు భుజం తీయండి. ఆ గుంపు ద్రవ్యరాశి అదే. ద్రవ్యరాశులను మాత్రం నేరుగా కూడకండి; ఒకే ఒక్క మినహాయింపు తర్వాత వస్తుంది.

రెండు ఫోటాన్లు ఎదురెదురు దిశల్లో పోతున్నాయనుకోండి, ఒక్కోటి 511 కేఈవీ. శక్తి మొత్తం 1022, ద్రవ్యవేగాలు కొట్టేసుకుని సున్నా. కాబట్టి గుంపు ద్రవ్యరాశి 1022. ఒక్కో ఫోటాన్‌కు విడిగా ద్రవ్యరాశి సున్నా అయినా సరే. ఆస్పత్రుల్లో పెట్ స్కాన్ పనిచేసేది దీని మీదే: పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి మాయమైనప్పుడు వాటి 1022 ఈ రెండు ఫోటాన్లుగా విడిపోతుంది, స్కానర్ ఆ జంటను పట్టుకుంటుంది. ఒక్క ఫోటానే ఎందుకు రాదన్నది వైవాలో అడిగే ప్రశ్న. ఒక్క ఫోటాన్ ద్రవ్యరాశి సున్నా, ముందున్న గుంపుది 1022. రెండూ సమానం కావు. జవాబు అంతే.

ఫోటాన్లు ఎదురెదురుగా కాకుండా ఏదో కోణంలో ఉంటే, రెండు శక్తుల లబ్ధాన్ని రెట్టింపు చేసి, ఒకటిలోంచి ఆ కోణపు కొసైన్ తీసేసి గుణించండి. వచ్చింది ద్రవ్యరాశి వర్గం. అభ్యాసానికి ఒక ఊహా జంట: 100, 80 జీఈవీ, మధ్య కోణం 90 డిగ్రీలు. 16,000 వర్గమూలం 126.5. అలాంటి జంటలను లెక్కలేనన్ని చేర్చి గ్రాఫ్ గీస్తే 125 జీఈవీ దగ్గర చిన్న బొడిపె కనిపించింది. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ ప్రకటనకు ఆధారమైన వాటిలో ఆ గ్రాఫ్ ఒకటి.

విఘటనం లెక్కలో అక్కర్లేని కణాన్ని ఒంటరి చేయండి

నిశ్చలంగా ఉన్న పయాన్ మ్యూయాన్‌గా, న్యూట్రినోగా (ఆవేశం లేని, దాదాపు ద్రవ్యరాశి లేని కణం) విడిపోతుంది. మ్యూయాన్ శక్తి ఎంత? న్యూట్రినో గురించి మనకు అవసరం లేదు, కాబట్టి దాన్ని సమీకరణంలో ఒకవైపు ఒంటరిగా పెట్టండి: న్యూట్రినో అంటే పయాన్‌లోంచి మ్యూయాన్ తీసేయగా మిగిలింది. మిగిలిన శక్తి వర్గంలోంచి మిగిలిన ద్రవ్యవేగ వర్గం తీసేస్తే న్యూట్రినో ద్రవ్యరాశి వర్గం రావాలి. అది దాదాపు సున్నా. విప్పి రాస్తే మ్యూయాన్ శక్తి, ద్రవ్యవేగాల వర్గాలు కలిసి దాని ద్రవ్యరాశి వర్గంగా మారిపోతాయి, మిగిలేది ఇంతే:

మ్యూయాన్ శక్తి = (పయాన్ ద్రవ్యరాశి² + మ్యూయాన్ ద్రవ్యరాశి²) ÷ (2 × పయాన్ ద్రవ్యరాశి)

అంకెలు వేస్తే 109.78 ఎంఈవీ. ద్రవ్యరాశి తీసేస్తే గతిజశక్తి 4.12. న్యూట్రినోకు 29.79. దీనికి మ్యూయాన్ మొత్తం శక్తి 109.78 కూడితే 139.57 వస్తోందా చూసుకోండి. ఇలా సరిచూడటం ప్రతిసారీ చేయండి.

గమనించండి, జవాబులో ఎంచుకోవడానికి ఏమీ లేదు. ప్రతి మ్యూయాన్‌కూ అదే 4.12. 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్లలో చూసిందీ ఇదే: పయాన్ ఆగిన చోటు నుంచి బయలుదేరిన మ్యూయాన్ గీతలన్నీ దాదాపు ఒకే పొడవు, సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఒకే పొడవంటే ఒకే శక్తి, ఒకే శక్తంటే విడిపోయింది రెండు ముక్కలుగానే. ఎమల్షన్లతో మీసాన్లను (ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య బరువున్న కణాలకు అప్పటి పేరు) పట్టే ఈ పని అంతకు కొన్నేళ్ల ముందే కలకత్తాలో బిభా చౌధురి, డి.ఎం. బోస్ మొదలుపెట్టారు, యుద్ధకాలంలో మేలురకం ప్లేట్లు దొరక్క అది ముందుకు సాగలేదు. ఈ సంగతి మన పుస్తకాల్లో ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ వెలువడే బీటా విఘటనంలో అయితే ఎలక్ట్రాన్లు రకరకాల శక్తులతో వస్తాయి. రెండు ముక్కలైతే అలా జరగడానికి వీల్లేదు. కనపడని మూడో ముక్క ఉందని 1930లో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ అన్నది అందుకే.

కొత్త కణం పుట్టించడానికి ఎంత శక్తి కావాలి

ఢీకొనే ముందు గుంపు ద్రవ్యరాశి, తర్వాతి గుంపు ద్రవ్యరాశి సమానం. బొటాబొటీగా సరిపోయే శక్తి కావాలంటే, పుట్టినవన్నీ కలిసికట్టుగా కదులుతున్నాయనుకోండి. అప్పుడు వాటి గుంపు ద్రవ్యరాశి విడి ద్రవ్యరాశుల మొత్తానికి సమానం. నేరుగా కూడవచ్చన్నది ఈ ఒక్క సందర్భంలోనే.

నిలిచి ఉన్న ప్రోటాన్‌ను ఇంకో ప్రోటాన్‌తో కొట్టి యాంటీప్రోటాన్ తేవాలంటే, చివరికి మూడు ప్రోటాన్లు, ఒక యాంటీప్రోటాన్ ఉండాలి. ప్రోటాన్ ద్రవ్యరాశిని 1 అనుకుంటే మొత్తం 4, వర్గం 16. మొదట్లో శక్తి: దూసుకొచ్చే ప్రోటాన్ శక్తి, దానికి 1 కలపాలి. దాని వర్గంలోంచి ద్రవ్యవేగ వర్గం తీసేస్తే 2 + 2 × శక్తి మిగులుతుంది. 16తో సమానం చేస్తే శక్తి 7, గతిజశక్తి 6. ఆరు ప్రోటాన్ల ద్రవ్యరాశి, అంటే 5.63 జీఈవీ. బర్క్‌లీలో ప్రోటాన్లను ఉరికించే బెవట్రాన్ యంత్రాన్ని 6.2 జీఈవీకి కట్టారు. కేంద్రకం లోపలి ప్రోటాన్లు అటూ ఇటూ కదులుతూ ఉంటాయి కాబట్టి రాగి లాంటి టార్గెట్‌లో ఇంకాస్త తక్కువకే పని అవుతుంది. రెండు ప్రోటాన్లనూ ఎదురెదురుగా ఢీకొట్టిస్తే ఒక్కోదానికి కావలసిన గతిజశక్తి 0.94 మాత్రమే, ద్రవ్యవేగం మొత్తం సున్నా కాబట్టి వృథా పోయేదేమీ లేదు. ఇప్పటి పెద్ద యంత్రాలు చాలావరకు కొలైడర్లు కావడానికి కారణం ఇదే.

ఒకటి మీరే చేయండి

ఎమ్మెస్సీ న్యూక్లియర్ ల్యాబ్‌లో సీజియం-137 స్పెక్ట్రం తీసేవాళ్లకు ఇది పనికొస్తుంది. 662 కేఈవీ గామా కిరణపు ఫోటాన్ నిశ్చలంగా ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకి సరిగ్గా వెనక్కి తిరిగింది. అక్కర్లేనిది ఎలక్ట్రాన్, దాన్ని ఒంటరి చేసి, పయాన్ లెక్కలో లాగే నడవండి. వెనక్కొచ్చే ఫోటాన్‌కు 184, ఎలక్ట్రాన్ గతిజశక్తికి 478 రావాలి. సరిచూడటానికి ద్రవ్యవేగాలు వాడండి: ఎలక్ట్రాన్ మొత్తం శక్తి 989, ద్రవ్యరాశి 511, త్రిభుజం నుంచి ద్రవ్యవేగం 847. వెళ్లిన ఫోటాన్ 662, వెనక్కొచ్చింది 184, దిశ తిరగబడింది కాబట్టి కూడితే 846. దగ్గరి అంకెకు సవరించడం వల్ల ఒకటి తేడా వచ్చింది, అంతే. ఇక మీ స్పెక్ట్రం ప్రింటవుట్ తీయండి. 662 శిఖరానికి ఎడమన 478 దగ్గర గీత ఒక్కసారిగా పడిపోతుంది, ఇంకా ఎడమన 184 దగ్గర చిన్న గుబ్బ ఉంటుంది. రెండింటి పక్కనా ఈ అంకెలు రాసి రికార్డులో అతికించండి.